కాన్వాస్ మీద ఎండ కాయాలంటే

ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యం) వెయ్యడం మొదలుపెట్టిన వాళ్లందరికీ ఒక చిక్కు తప్పదు. ఎదురుగా ఎండ ఫెళ్లున కాస్తుంటుంది, బోర్డు మీద మాత్రం మబ్బు పట్టినట్టే ఉంటుంది. వెంటనే చెయ్యి తెల్లరంగు ట్యూబు మీదికి పోతుంది. ఎండ పడ్డ చోటల్లా తెలుపు కలుపుతారు. దాంతో బొమ్మ వెలగకపోగా సున్నం కొట్టినట్టు పాలిపోతుంది.

రంగుకి ఉన్న శక్తే అంత. టైటానియం వైట్ తన మీద పడిన వెలుతురులో దాదాపు 90 శాతాన్ని తిప్పికొడుతుంది. నల్లరంగు కూడా 3 నుంచి 5 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే బొమ్మలో అతి లేత చోటుకీ అతి ముదురు చోటుకీ మధ్య తేడా మహా అయితే 30 రెట్లు. బయట ఎండ పడ్డ మబ్బుకీ చెట్టు మొదట్లోని చీకటికీ మధ్య తేడా వందల రెట్లు. కాబట్టి ఎండని ఉన్నది ఉన్నట్టు దించడం ఎవరి వల్లా కాదు. ముదురు నుంచి లేత దాకా చేతిలో ఉన్న కాసిని మెట్లని వెలుగుకి ఎన్ని, నీడకి ఎన్ని అని పంచుకోవాలి. ఆ పంపకం సరిగ్గా కుదిరితే మామూలు మట్టి రంగులతో కూడా ఎండ కాస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన పసుపు వేసినా వెలగదు.

కావలసినవి

ఎనిమిది నూనె రంగులు (ఆయిల్ కలర్స్) చాలు: టైటానియం వైట్, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, క్వినాక్రిడోన్ రోజ్, అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్, బర్న్ట్ సియన్నా. నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా సమానంగా కలిపితే నలుపుకి దగ్గరగా వస్తుంది, పైగా కావలసినట్టు నీలం వైపుకో గోధుమ వైపుకో జరుపుకోవచ్చు. రోజ్‌కి బదులు అలిజరిన్ క్రిమ్సన్ కొంటే ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ (లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే గుర్తు) చూడండి. పీఆర్ 83 అని ఉంటే అది వెలుతురుకి వెలిసిపోయే పాత రకం. పీవీ 19 ఉన్నది నిలుస్తుంది. విరిడియన్ దొరక్క థాలో గ్రీన్ తీసుకుంటే ఆవగింజంత కంటే ఎక్కువ ముట్టుకోకండి, పాలెట్ (రంగులు కలుపుకునే పలక) అంతా ఆక్రమిస్తుంది.

పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు 10, 8, 6, 4 నంబర్లలో రెండేసి తెచ్చుకోండి. ప్రతి నంబరులో ఒకటి ఎండకి, ఒకటి నీడకి. ఇవి ఒకదాని పని ఇంకొకటి చెయ్యకూడదు. బురద రంగులు రావడానికి సగం కారణం నీడ వేసిన బ్రష్‌తోనే ఎండ వెయ్యడం. రంగులు కలపడానికి ఒక పాలెట్ నైఫ్, టర్పెంటైన్ గాని వాసన లేని మినరల్ స్పిరిట్ గాని, కొద్దిగా లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), పాత గుడ్డలు కూడా కావాలి. బోర్డు 8×10 అంగుళాలు మించనక్కర్లేదు. పెద్ద కాన్వాస్ నింపుతూ కూర్చుంటే ఈలోపు ఎండ మారిపోతుంది.

తెల్ల బోర్డు మీద నేరుగా మొదలుపెట్టకండి. తెలుపు పక్కన ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపిస్తుంది. అది చూసి భయపడి నీడల్ని లేతగా కలుపుతారు, చివరికి ఎండకి మెట్లు మిగలవు. ముందురోజే బర్న్ట్ సియన్నాలో కొంచెం అల్ట్రామెరైన్ వేసి, టర్పెంటైన్‌తో పల్చగా చేసి, బోర్డంతా పూసి గుడ్డతో తుడిచెయ్యండి. మిగిలే బూడిద గోధుమ పూత మధ్యస్థంగా ఉండాలి, అంతే.

నూనె విషయంలో ఒక్క నియమం: కింద పూతలో నూనె తక్కువ, పైపైకి పోయేకొద్దీ ఎక్కువ. మొదటి పూతకి టర్పెంటైన్ ఒక్కటే, మధ్యలో ట్యూబులోంచి వచ్చిన రంగు అలాగే, చివరి వెలుగులకి కావాలంటే ఒకటి రెండు చుక్కల లిన్సీడ్. ఇది తిరగబడితే పైపూత ముందు గట్టిపడుతుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది. పగుళ్లు వచ్చేది అందుకే. లిన్సీడ్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత రేకు డబ్బాలో వెయ్యండి.

మెట్లు పంచుకోవడం

టోన్ అంటే రంగు సంగతి పక్కనపెట్టి ఎంత లేత, ఎంత ముదురు అన్న లెక్క. అతి ముదురుని 1 అనుకుని, అతి లేతని 10 అనుకుని తెలుపుతోనూ, అల్ట్రామెరైన్, సియన్నా కలిపిన నలుపుతోనూ పది గళ్ల పట్టీ ఒకటి వేసి ఆరబెట్టుకోండి. విసుగు పుట్టించే పనే గాని, ఇది చెయ్యకుండా తర్వాతి మాటలేవీ చేతికి రావు.

తేట ఎండ ఉన్న రోజు దగ్గరి వస్తువులకి పంపకం ఇలా: ఎండలో ఉన్నవాటికి 6 నుంచి 9, నీడలో ఉన్నవాటికి 2 నుంచి 4. 5ని ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీయే ఎండకీ నీడకీ మధ్య గోడ. ఎండలోని అన్నిటికంటే ముదురు వస్తువు కూడా నీడలోని అన్నిటికంటే లేత వస్తువు కంటే రెండు మెట్లు పైనే ఉండాలి. నిజానికి బయట నీడలో ఉన్న తెల్లగోడ, ఎండలో ఉన్న నల్లమట్టి ఒకే టోన్‌లో ఉండే సందర్భాలు వస్తాయి. చెయ్యి తిరిగాక ఆ మినహాయింపులు వాడుకోవచ్చు. మొదట్లో మాత్రం గోడ దాటకండి. నీడలో కాస్త మెరుగ్గా ఉన్న ఆకుని చూసి ముచ్చటపడి దాన్ని 6కి ఎత్తారంటే నీడ చిల్లులు పడి ఎండ కూడా చచ్చిపోతుంది.

ఏది ఎంత లేతగా ఉంటుందన్నది అది వెలుతురుకి ఎలా తిరిగి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. వెలుతురు వచ్చేదే ఆకాశం నుంచి, కాబట్టి అన్నిటికంటే లేత అదే. దానికి ఎదురుగా వెల్లకిలా పరుచుకున్న నేల రెండోది. ఏటవాలు కొండలు మూడోవి. నిటారుగా నిలబడ్డ చెట్లు అన్నిటికంటే ముదురు. నడినెత్తి ఎండలో ఇది దాదాపు తప్పదు. పొద్దు వాలినప్పుడు తిరగబడుతుంది: అడ్డంగా వచ్చే ఎండ నేలని గీసుకుంటూ పోయి చెట్టు మొద్దుకి నేరుగా తగులుతుంది, అప్పుడు మొద్దే నేల కంటే వెలుగుతుంది. ఉరుముల మబ్బు కమ్మి మధ్యలో ఎండ పడినప్పుడు ఆకాశం నేల కంటే ముదురవుతుంది. ఇలాంటి మినహాయింపుల్లోనే మంచి బొమ్మలు దొరుకుతాయి గాని, మినహాయింపు అని తెలిసి వెయ్యాలి.

టోన్ చూడాలంటే కళ్లు సగం మూసి చికిలించి చూడాలి. వివరాలు కరిగిపోయి రెండు మూడు పెద్ద ముద్దలు మిగులుతాయి. బొమ్మని మాత్రం కళ్లు పూర్తిగా తెరిచి చూడండి. ఫోన్ కెమెరాని నలుపు తెలుపులో పెట్టి ఎదుటి దృశ్యాన్నీ బొమ్మనీ పోల్చుకోవడం మంచి అలవాటు. ఫోటో పెట్టుకుని బొమ్మ వెయ్యడం వేరే సంగతి. తేట ఎండలో కెమెరా నీడల్ని నల్లగా మింగేస్తుంది, ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఫోటో చూసి వేసిన ఎండ బొమ్మల్లో నీడలు బొగ్గులా ఉండటానికి కారణం అదే.

దూరం పోయేకొద్దీ ఈ పంపకం ముడుచుకుంటుంది. మధ్యలో గాలి నీలి వెలుతురుని చెదరగొడుతుంది, ఆ పొర ముందుగా పట్టేది ముదురు చోట్లనే. దగ్గర చెట్టులో ఎండ 8, నీడ 2 అయితే, మధ్య దూరంలో 7.5, 4 అవుతుంది. కొండవార చేరేసరికి 7, 6. దూరపు నీడ నీలమై తేలిపోతుంది, దూరపు వెలుగు కాస్త మందగించి పసుపు, ఎరుపుల వైపు వెచ్చబడుతుంది. 2, 3 టోన్‌లు ముందు భాగం దాటి వెనక్కి పోయాయంటే లోతు పోయినట్టే.

ఎండ రంగు, నీడ రంగు

ఎండ వెచ్చన (పసుపు, ఎరుపుల వైపు), నీడ చల్లన (నీలం వైపు) అన్నది మొదటి పాఠం. అక్కడే ఆగిపోతే నీడలన్నీ ఊదా రంగులో తేలతాయి. ఎందుకు చల్లన అన్నది చూస్తే ఎక్కడ కాదో కూడా తెలుస్తుంది. పట్టపగటి ఎండ రంగు ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్, తేటనీలి ఆకాశానిది 10000 దాటుతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు పోతుంది. నేల మీది నీడలోకి సూర్యుడు రాడు, ఆకాశం వస్తుంది. అందుకే దానికి నీలం ఛాయ. అదే కొమ్మ కిందివైపు, చూరు కిందివైపు ఆకాశాన్ని చూడవు, నేలని చూస్తాయి. ఎండలో కాగుతున్న మట్టి తిప్పికొట్టిన వెలుతురు వాటికి తగులుతుంది కాబట్టి అవి నీడలో ఉన్నా వెచ్చగా ఉంటాయి. పైకి తిరిగిన నీడ చల్లన, కిందికి తిరిగిన నీడ వెచ్చన అని గుర్తుంచుకోండి. ఒకే నీడలో ఈ రెండూ పక్కపక్కన పెడితే అది ఊపిరి పోసుకుంటుంది, నల్లమచ్చలా ఉండదు.

నీడలో కూడా వస్తువు సొంత రంగు పోదు. ఎర్రమట్టి బాట మీద నీడ నీలం కాదు, నీలం కలిసిన ముదురు ఎరుపు. మబ్బు రోజున లెక్క మారుతుంది: వెలుతురంతా పైనుంచి చల్లగా దిగుతుంది, దానికి అందని మూలలు వెచ్చగా కనిపిస్తాయి. నడి మధ్యాహ్నం ఇంకో మెలిక ఉంది. నున్నటి ఆకుల పైభాగం ఆకాశాన్ని అద్దంలా తిప్పికొడుతుంది, అందువల్ల చెట్టు తలమీది వెలుగు పసుపు కాదు, లేత నీలం కలిసిన బూడిద ఆకుపచ్చ. దాన్ని పసుపుతో వేస్తే పొద్దున్న ఎనిమిది గంటల ఎండలా ఉంటుంది.

కుప్పల లెక్కన కొన్ని కలుపుళ్లు. ఎండలో గడ్డి: లెమన్ యెల్లో 4, అల్ట్రామెరైన్ 1, బర్న్ట్ సియన్నా చిటికెడు, తెలుపు సగం. నీడలో గడ్డి: అల్ట్రామెరైన్ 2, ఓకర్ 2, బర్న్ట్ సియన్నా 1, తెలుపు వద్దు. ఎండలో మట్టిబాట: తెలుపు 3, ఓకర్ 2, కాడ్మియం రెడ్ నైఫ్ కొసంత. నీడలో మట్టిబాట: ఓకర్ 1, అల్ట్రామెరైన్ 1, రోజ్ కొస, తెలుపు సగం. కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది, కాబట్టి ఈ అంకెలు మొదలుపెట్టడానికే. కలిపాక నైఫ్ కొసన తీసి టోన్ పట్టీ పక్కన పెట్టి చూడండి. ట్యూబులోంచి వచ్చే ఆకుపచ్చల్ని నేరుగా వాడితే ఎంత టోన్ కుదిరినా ప్లాస్టిక్ గడ్డే. చిటికెడు ఎరుపో సియన్నానో తగిలితేనే అవి నేల మీదికి దిగుతాయి.

టైటానియం వైట్ రంగుని లేత చెయ్యడంతో ఊరుకోదు, చల్లబరుస్తుంది కూడా. అందుకని వెచ్చని వెలుగుని పెంచాలంటే ముందు లెమన్ యెల్లో, ఓకర్ వంటి సహజంగానే లేతైన రంగులతో ఎంత దూరం పోగలమో పోవాలి, తెలుపు ఆఖర్న. అప్పటికీ వెలగకపోతే వెలుగుని వదిలేసి దాని పక్కనున్న దాన్ని ఒక మెట్టు ముదురు చెయ్యండి. పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు అక్కడే ఉంటుంది.

టోన్ తేడా లేకుండా రంగు తేడాతోనే మెరిపించే కిటుకు ఒకటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872లో వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ని నలుపు తెలుపులో చూస్తే నారింజ సూర్యుడు దాదాపు మాయమవుతాడు. చుట్టూ ఉన్న బూడిద నీలం ఆకాశం, అతనూ ఒకే టోన్‌లో ఉండటమే కారణం. రంగుల్లో చూస్తే మాత్రం ఆ బింబం కదులుతున్నట్టుంటుంది. ఒక పొగమంచు పొద్దుకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చుట్టూ ఉన్న రంగు వన్నె తగ్గి ఉంటేనే.

రెండు గంటల్లో

ఎండ గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది. రెండు గంటల తర్వాత నీడలన్నీ వేరే చోట ఉంటాయి. ఫ్రెంచి చిత్రకారుడు వాలెన్సియెన్ 1800 ప్రాంతంలోనే బయట వేసే స్టడీకి (అభ్యాసం కోసం వేసే బొమ్మకి) రెండు గంటలు మించవద్దనీ, సూర్యోదయ సూర్యాస్తమయాలకి అరగంట చాలనీ చెప్పాడు. ఇప్పటికీ ఆ గడువు మారలేదు. మోనే గడ్డివాముల బొమ్మలు వేసిన 1890–91లో వెలుతురు మారినప్పుడల్లా కాన్వాస్ మార్చేవాడు.

ఎండ పక్కనుంచి పడే చోటు ఎంచుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే నీడలన్నీ వస్తువుల వెనక్కి పోయి దాక్కుంటాయి, వెలుగుకి తోడు దొరకదు. బోర్డు, పాలెట్ రెండూ ఒకే వెలుతురులో, నీడలో ఉండాలి. బోర్డు మీద నేరుగా ఎండ పడితే ప్రతి రంగూ లేతగా కనిపిస్తుంది, మీరు ముదురుగా కలుపుతారు. ఇంటికి తెచ్చాక బొమ్మ చీకటి గుహలా ఉంటుంది.

మొదటి ఐదు నిమిషాల్లో అగ్గిపెట్టెంత స్కెచ్ మూడు టోన్‌లలో. అందులో ఎండ, నీడ సగం సగం ఉంటే చోటు మార్చండి. ఏదో ఒకటి రాజ్యమేలాలి, మూడింట రెండొంతులు ఒకటీ మిగతాది ఇంకొకటీ. తర్వాతి పది నిమిషాల్లో పల్చటి సియన్నా, అల్ట్రామెరైన్‌లతో నీడల ఆకారాల్ని బోర్డు మీద గీసి నింపెయ్యండి. చెట్టు వేరు, దాని నీడ వేరు అని విడదీయకుండా కలిసిపోయినవాటిని కలిపే నింపాలి. ఆ తర్వాత నీడలు ఎంత జరిగినా వాటిని ముట్టుకోవద్దు. గంటన్నర తర్వాతి నీడని ముందరి ఎండకి అతికిస్తే బొమ్మలో ఇద్దరు సూర్యులుంటారు.

రంగు పెట్టేముందు పావుగంట కలపడానికే. ఆకాశం, నేల, చెట్టు, ప్రతిదానికీ ఎండ కుప్ప ఒకటి, నీడ కుప్ప ఒకటి. పాలెట్ మీదే ఆ కుప్పలు ఎండలా కనిపించకపోతే బోర్డు మీద కనిపించవు. ఇక్కడ దిద్దుకోవడం తేలిక, అక్కడ కష్టం. తర్వాత ముదురు నీడలు పల్చగా, ఆ వెంటనే ఆకాశం, ఆపైన ఎండ పడ్డ నేల. ఈ మూడూ కుదిరాక మిగతావన్నీ వాటి మధ్య ఎక్కడో సర్దుకుంటాయి. ఆఖరి పావుగంట దట్టమైన వెలుగులకి.

తడబడే చోట్లు

సూర్యుడికీ మనకీ మధ్య ఉన్న చెట్టులో రెండు రకాల ఆకుపచ్చలుంటాయి. ఆకు మీద పడి తిరిగొచ్చే వెలుతురు బూడిద పచ్చగా ఉంటుంది. ఆకులోంచి దూసుకొచ్చే వెలుతురు చురుకైన పసుపు పచ్చ. రెండో రకానికి తెలుపు కలపకండి: లెమన్ యెల్లో, విరిడియన్ కొస, అంతే. చుట్టూ ఉన్న గుబురు 2, 3 టోన్‌లలో ఉంటే ఇది 6లో ఉన్నా దీపంలా వెలుగుతుంది. బొమ్మ మొత్తానికి ఇలాంటివి ఒక గుప్పెడు చాలు.

కొమ్మల సందుల్లో కనిపించే ఆకాశాన్ని బయటి ఆకాశం రంగుతోనే వేస్తే తెల్లచుక్కలు పొడుచుకొస్తాయి. సందు చుట్టూ ఉన్న చిన్న ఆకులు, రెమ్మలు ఆ వెలుతురుని కొంత మింగేస్తాయి కాబట్టి సందు ఒక మెట్టు ముదురుగా ఉంటుంది. సందు ఎంత చిన్నదైతే అంత ముదురు.

చెట్టు కింద నేల మీద పడే ఎండ పొడలు ఇష్టం వచ్చినట్టు చల్లిన మచ్చలు కావు. ఆకుల మధ్య చిన్న సందు పిన్‌హోల్ కెమెరాలా పనిచేసి సూర్యబింబాన్నే నేల మీద వేస్తుంది. అందుకే సందు ఏ ఆకారంలో ఉన్నా పొడ గుండ్రంగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తే అడ్డంగా సాగిన కోడిగుడ్డు ఆకారం. దూరం పోయేకొద్దీ ఆ గుడ్లు చదునై గీతలవుతాయి. అన్నిటినీ ఒకే సైజులో, సమాన దూరంలో పెట్టడం అందరూ చేసే తప్పు. గుంపులుగా కలపండి, కొన్నిటిని 6లోనే ఆపి ఒకటి రెండింటిని 8కి పోనివ్వండి.

నీడ అంచు మెత్తదనానికీ లెక్క ఉంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. నీడ వేసే వస్తువు నుంచి నేల ఎంత దూరమో అందులో సుమారు 110వ వంతు వెడల్పున అంచు అలుక్కుపోతుంది. 10 మీటర్ల దూరంలోని కొమ్మ నీడకి 9 సెంటీమీటర్ల మసక అంచు. చెట్టు మొదట్లో నీడని పదునుగా మొదలుపెట్టి, కొనకి పోయేకొద్దీ పొడి బ్రష్‌తో చెరుపుతూ పొండి. నేల ఎగుడుదిగుళ్ల మీద ఆ నీడ వంగుతూ పోవాలి. నేల ఆకారం చూపించేది అదే.

సూర్యుణ్ణే బొమ్మలో పెట్టాలంటే బింబానికి 9.5, అందులో కాస్త లెమన్ యెల్లో ఉండాలి. దాని చుట్టూ 8.5లో పసుపు, తర్వాత 7.5లో నారింజ, అంచులు కనిపించకుండా కరిగించాలి. మిగతా బొమ్మంతా 6 దాటకూడదు. నీళ్లలోని ప్రతిబింబంలో లేతవి ఒక అరమెట్టు ముదురు, ముదురువి అరమెట్టు లేత.

మందం, ఆరడం

నీడ పల్చన, వెలుగు దట్టం. ఇది కేవలం అలవాటు కాదు. దట్టంగా పెట్టిన రంగు గట్లు గది వెలుతురుని పట్టుకుని తామే మెరుస్తాయి. ఎండలో ఆ మెరుపు ఉపకారం, నీడలో అపకారం: ముదురు రంగులో గట్లుంటే వాటి మీద బూడిద మెరుపు తేలి లోతు పోతుంది. దట్టమైన వెలుగుని నైఫ్‌తోనో నిండా రంగు ఎత్తుకున్న బ్రష్‌తోనో ఒక్కసారి పెట్టి వదిలెయ్యాలి. రెండోసారి రుద్దితే కింది నీడ పైకొచ్చి కలుస్తుంది. మూడు పట్లకి ఒకసారి బ్రష్ తుడవండి. కింద రంగు మరీ తడిగా ఉంటే దాన్ని నైఫ్‌తో గీకేసి ఆ చోట కొత్తగా పెట్టడమే మేలు.

పల్చటి సియన్నా పూత ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, తెలుపు దట్టంగా ఉన్న చోట వారం పైనే పడుతుంది. ఆరాక ముదురు నీడలు కొన్ని మెరుపు పోయి పాలిపోతాయి. కింది పూత నూనెని పీల్చేసుకుంటుంది గనుక అలా జరుగుతుంది, టోన్ తప్పు కలిపారని కాదు. ఆ పాలిపోయిన నీడ చూసి పైన ఇంకా ముదురు రంగు వేసేస్తే తర్వాత అది గొయ్యి అవుతుంది. ముందు లిన్సీడ్, మినరల్ స్పిరిట్ సమానంగా కలిపి గుడ్డతో ఆ చోట పల్చగా రుద్ది, మిగిలింది తుడిచెయ్యండి. అసలు టోన్ తిరిగొస్తుంది, అప్పుడు దిద్దాలో వద్దో చూడండి. చివరి వార్నిష్‌కి పల్చటి బొమ్మైతే ఆరు నెలలు, దట్టమైన వెలుగులుంటే ఏడాది ఆగాలి.